స్పేస్ గేముల్లో గ్రహాల మీద బండి నడపడం ఎవరికైనా నిజంగా నచ్చుతుందా? (‘మాకో’ బండి దెబ్బకి మండి అడుగుతున్నా)

మాకో_బాధితుడు
సేల్‌లో మాస్ ఎఫెక్ట్ లెజెండరీ ఎడిషన్ అనే స్పేస్ గేమ్ (మూడు పార్ట్‌లూ కలిపి) కొన్నా. కథ బాగుంది, మాటలు బాగున్నాయి, షిప్‌లో తిరుగుతూ జనాలతో కబుర్లు చెప్పుకోవడం ఇంకా బాగుంది. కానీ మొదటి పార్ట్‌లో ఆ మాకో అనే ఆరు చక్రాల బండి ఎక్కినప్పుడల్లా ప్రాణం విసిగిపోతోంది. మ్యాప్‌లో ఒక మూల ఏదో శిథిలం, ఇంకో మూల ఏదో ఖనిజం, మధ్యలో నిట్టనిలువు కొండ. చుట్టూ దారి ఉంటుందేమో అని వెతికితే ఉండదు, సరే ఎక్కేద్దాం అని ముక్కు పైకి పెట్టి నొక్కి పట్టుకుంటే ముప్పావు వంతు ఎక్కి మెల్లగా వెనక్కి జారుతుంది, మళ్ళీ పక్కకి తిప్పు, మళ్ళీ జంప్ కొట్టు, మళ్ళీ జారు. చచ్చీ చెడీ పైకి చేరాక ఏముంది అక్కడ? ఒక రాయి. స్కాన్ చేస్తే ఏదో లోహం దొరికిందని ఒక లైను వస్తుంది. అంతే.

స్టార్‌ఫీల్డ్ గేమ్‌కి బండి కావాలని జనం గోల పెట్టారు కదా, ఎలీట్ డేంజరస్ గేమ్‌ని బండి కోసమే ఆడేవాళ్ళున్నారట. మీకు అందులో ఏం కనపడుతోందో కాస్త చెప్పండయ్యా. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా.

స్టీరింగ్_సుబ్బు
కొండెక్కడం మానెయ్. అయిపోయింది. నెక్స్ట్.

పాత_పెంటియం
నువ్వు ఆడుతున్నది 2021లో రిపేరు చేసిన మాకో బాబూ. 2007 నాటి ఒరిజినల్ ఆడినవాళ్ళని అడుగు. బండికి బరువే ఉండేది కాదు, చిన్న రాయి తగిలినా గాల్లోకి లేచి ఎటు పడుతుందో దానికే తెలియదు. లావాలో చక్రం పడితే నేరుగా గేమ్ ఓవర్, ఇప్పుడు మెల్లగా డ్యామేజ్ అవుతుంది అంతే. ఇంకో దరిద్రం ఏంటంటే బండిలో కూర్చుని చంపితే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు తక్కువిచ్చేవాడు, అందుకని శత్రువుని ఫిరంగితో చావుదాకా తెచ్చి, ఆపి, కిందకి దిగి, తుపాకీతో ఆఖరి దెబ్బ కొట్టేవాళ్ళం. అదీ తీసేశారు. మీరు అదృష్టవంతులు.

మాకో_బాధితుడు
రిపేరు చేశాక ఇలా ఉందా!! దేవుడా.

చంద్రిక_వి
నేను మాకో పార్టీ, తిట్టేవాళ్ళు తిట్టుకోండి. కథలో వచ్చే గ్రహాలు ఉన్నాయి చూడు, థీరమ్, నోవేరియా, వర్మైర్, ఈలోస్, వాటిల్లో ఒక దారి ఉంటుంది, దారి పొడుగునా ఎవడో ఒకడు కాలుస్తుంటాడు, అక్కడ బండి మీద ఎవరికీ పెద్ద కంప్లైంట్ ఉండదు. నీ బాధంతా పక్క గ్రహాలతో. అవన్నీ ఒక చదరపు మ్యాప్ వేసి కొండలు గుచ్చి వదిలేశారు, ఒప్పుకుంటా. కానీ మన చందమామ మీద దిగే మిషన్ ఒకటుంది, చేశావా? బూడిద రంగు నేల, తలెత్తితే ఆకాశంలో భూమి. నేను మిషన్ పక్కనపెట్టి ఊరికే అటూ ఇటూ తిప్పుకుంటూ కూర్చున్నా ఆ రోజు. ఆ ఫీలింగ్ షిప్‌లో మ్యాప్ తెరిచి గ్రహం పేరు నొక్కితే రాదు. ఇంత జాగాలో నేనెంత అన్నది చక్రాల మీద పోతేనే తెలుస్తుంది.

ఇంకోటి. జనం ఇలాగే తిట్టారని రెండో పార్ట్‌లో బండి పీకేశారు. బదులుగా ఏం పెట్టారు? గ్రహం బొమ్మ మీద మౌస్ జరుపుకుంటూ పోవడం, స్కానర్ గీత పైకి లేచినచోట ఖనిజం తీసే ప్రోబ్ అనే యంత్రం వదలడం. అది ఓ నాలుగు గ్రహాల మీద చేసి వచ్చి మాకో గురించి మళ్ళీ మాట్లాడు.

స్టీరింగ్_సుబ్బు
ప్రోబులు గుర్తు చేయకు తల్లీ, ఇప్పుడే భోంచేశా.

పాత_పెంటియం
చంద్రిక గారు పూర్తిగా పీకేశారు అన్నారు గానీ 2010లో ఫైర్‌వాకర్ అనే డీఎల్‌సీలో (గేమ్‌కి తర్వాత కలిపే అదనపు భాగం) హామర్‌హెడ్ ఇచ్చారు. నేలకి ఆనకుండా తేలుతూ పోయే బండి. రయ్‌మని పోతుంది, బోలెడంత ఎత్తు ఎగురుతుంది, రెండు మూడు గట్టి దెబ్బలు తగిలితే పేలిపోతుంది. నాకు దాంట్లో ఒక్క నిమిషం కూడా నడుపుతున్నానని అనిపించలేదు.

వరంగల్_వార్ప్
నాకైతే నో మ్యాన్స్ స్కైల బండి అంటే పానం. 2016ల గేమ్ దిగినప్పుడు బండి లేకుండె, నడుసుడే నడుసుడు. తర్వాత 2017 మార్చిల పాత్‌ఫైండర్ అప్‌డేట్‌తోని మూడు బండ్లిచ్చిండ్రు, రోమర్, నోమాడ్, కొలోసస్. నిజం చెప్పాల్నంటే ఆ బండి అవసరమే లేదన్నా, షిప్ ఎక్కి లేపితే ఆడికి సెకండ్లల్ల పోతం. అయినా నేను రోమర్‌లనే పోత. షిప్‌ల పోతుంటే కింద ఏమున్నదో కనవడది గద. బండిల పోతుంటే ఏదో వింత జంతువు అడ్డమొస్తది, ఆగుత, స్కాన్ చేస్త, ఫొటో తీస్త, మళ్ల పోత. సొంతంగ రేస్ ట్రాక్ గూడ పెట్టుకోవచ్చు, మా దోస్తులం పెట్టుకుని ఒకల్ని ఒకలం గుద్దుకున్నం, మస్తుంటది.

మాకో_బాధితుడు
అంటే అవసరం లేని బండి మజా, అవసరమున్న బండి నరకం. అంతేనా?

వరంగల్_వార్ప్
గంతే.

నైట్‌షిఫ్ట్_నాని
ఎలీట్ పేరెత్తావు కాబట్టి చెప్తా. 2015 డిసెంబర్‌లో హొరైజన్స్ అనే ఎక్స్‌పాన్షన్‌తో గ్రహాల మీద దిగడం వచ్చింది, దాంతోపాటే స్కారబ్ అనే బండి. నాకు ఆఫీస్ కాల్స్ అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది, వెంటనే నిద్ర పట్టి చావదు, అప్పుడు ఏదో ఒక గాలి లేని గ్రహం మీద షిప్ దించి బండి బయటకి తీస్తా. కాక్‌పిట్‌లో పైన వేవ్ స్కానర్ అని ఒక పట్టీ ఉంటుంది. చుట్టుపక్కల ఏదైనా ఉంటే అందులో గీతలు వెలుగుతాయి, దాంతోపాటు శబ్దం కూడా వస్తుంది. రాయికి ఒక రకం బరబర, కూలిన షిప్పో పారేసిన డబ్బానో అయితే ఇంకో రకం కూత. కొన్నాళ్ళకి పట్టీ చూడక్కర్లేదు, చెవులతోనే ఇది రాయి ఇది సరుకు అని తెలిసిపోతుంది, గీత మధ్యలోకి వచ్చేదాకా బండి ముక్కు తిప్పుకుంటూ పోవడమే. రాయి దొరికితే కాల్చి పగలగొట్టు, ఇనుము, నికెల్ మామూలే, అదృష్టం ఉంటే జెర్మేనియం, ఇంకా ఉంటే పొలోనియం. వాటితో షిప్ జంప్ దూరం పెంచుకోవచ్చు.

ఇక నడపడం అంటావా, గురుత్వం తక్కువున్నచోట చిన్న గడ్డ తగిలినా బండి లేస్తుంది, లేచి చాలాసేపు కిందకి రాదు. ఆ గాల్లో ఉన్నప్పుడే ముక్కు సరిచేసుకుని, ఎదురుగా వచ్చే వాలు ఎటుందో చూసుకుని, నాలుగు వైపులా ఒకేసారి నేలకి ఆనేలా దించాలి. కుదిరితే స్పీడు తగ్గకుండా అలా జారిపోతుంది చూడు, దానికోసమే ఆడతా నేను. కుదరకపోతే దొర్లుతాం, అదీ బాగానే ఉంటుంది.

స్టీరింగ్_సుబ్బు
పగలు ఆఫీసులో టికెట్లు కొట్టు, రాత్రి గ్రహం మీద రాళ్ళు కొట్టు. రెండో డ్యూటీకి జీతం ఎవరిస్తారు మావా?

నైట్‌షిఫ్ట్_నాని
రెండో డ్యూటీలో మేనేజర్ లేడు మావా, అదే జీతం.

రోవర్_లెక్కలు
నాని చెప్పిన ఆ గాల్లోంచి కిందకి రాకపోవడంలోనే అసలు సంగతి ఉంది. స్పేస్ గేముల్లో బండి ఐస్ మీద పోతున్నట్టుంది, ఫిజిక్స్ రాయడం రాలేదు అని తిడుతుంటారు, కొన్నిచోట్ల ఆ తిట్టు న్యాయమే గానీ అన్నిచోట్లా కాదు. చంద్రుడి మీద గురుత్వం ఇక్కడి దాంట్లో ఆరో వంతు. బండి బరువు ఆరో వంతుకి పడిపోతుంది, ద్రవ్యరాశి మాత్రం ఇక్కడెంతో అక్కడా అంతే. టైరుకి పట్టు వచ్చేది బరువు వల్ల, ఆపాల్సింది ద్రవ్యరాశిని. పట్టు ఆరో వంతైంది, ఆపాల్సింది తగ్గలేదు, ఇంకేం ఆగుతుంది. లెక్క కావాలంటే, గంటకి 18 కిలోమీటర్ల మీద బ్రేక్ కొట్టావనుకో, ఘర్షణ 0.5 వేసుకుందాం, ఇక్కడ రెండున్నర మీటర్లలో ఆగుతుంది, అక్కడ 15 మీటర్లు దాటుతుంది. మలుపులూ అంతే, తిప్పితే పక్కకి జారడమో బోర్లా పడడమో.

18 ఎందుకు తీసుకున్నా అంటే అపోలో 17లో జీన్ సెర్నన్ అనే వ్యోమగామి 1972లో చంద్రుడి మీద రోవర్ బండితో కొట్టిన స్పీడు అది. ఆ రోవర్ భూమి మీద తూస్తే 210 కిలోలు. చక్రానికో మోటరు, ఒక్కోటి పావు హార్స్‌పవర్, నాలుగూ కలిపితే ఒకటి. అంటే వంటింట్లో 750 వాట్ల మిక్సీ ఉంటుందే, అంత మోటరుతో ఇద్దరు మనుషులు, వాళ్ళ సూట్లు, సామాన్లు అన్నీ వేసుకుని తిరిగారు. స్టీరింగ్ చక్రం కూడా లేదు, ఇద్దరి సీట్ల మధ్య టీ ఆకారంలో ఒక పిడి, దాన్నే ముందుకి తోస్తే పోతుంది, పక్కకి వంచితే తిరుగుతుంది. జాయ్‌స్టిక్కే అది.

స్టీరింగ్_సుబ్బు
మా మిక్సీ కొబ్బరి చట్నీకే మూలుగుతుంది సార్.

చంద్రిక_వి
జార్‌లో బ్లేడు అరిగి ఉంటుంది సుబ్బు గారూ, మార్పించండి, చంద్రుణ్ణి అనకండి.

రోవర్_లెక్కలు
ఇంకో ముక్క చెప్పి ఆపుతా. అదే అపోలో 17లో సెర్నన్ సుత్తి తగిలి వెనక చక్రం మీద మడ్‌గార్డ్ ముక్క ఊడింది. బండి కదిలితే చాలు, చక్రం ఎగదన్నిన దుమ్మంతా ఇద్దరి మీదా కురవడం. ఆ దుమ్ము మామూలు దుమ్ము కాదు, గరుకు, సూట్లని కోసేస్తుంది. రెండో విడత బయటికి వెళ్ళేటప్పుడు నాలుగు మ్యాపులు టేపుతో అతికించి క్లాంపులతో బిగించి మడ్‌గార్డ్ చేసుకున్నారు. ఇప్పుడు చెప్పండి, ఏ గేమ్‌లోనైనా మడ్‌గార్డ్ ఊడితే ఏమైనా అవుతుందా? ఇలాంటిది ఒక్కటి పెట్టమనండి, మొదటి రోజే కొంటా.

కెర్బల్_కాకా
లెక్కల సారు చెప్పిందంతా కెర్బల్ స్పేస్ ప్రోగ్రాంలో అనుభవం మీద తెలుస్తుంది. అక్కడ రోవర్ మనమే కట్టుకోవాలి. కొత్తగా వచ్చిన ప్రతివాడూ పడే గొయ్యి ఒకటుంది, చక్రాలు ముందుకి పోవడానికీ, బండిలో ఉన్న రియాక్షన్ వీల్ (బండిని ఉన్నచోటే తిప్పే పరికరం) ముక్కు కిందకి వంచడానికీ ఒకటే కీ, డబ్ల్యూ. నువ్వు ముందుకి పొమ్మని నొక్కుతావు, చక్రాలు తిరుగుతాయి, అదే టైములో బండి మొత్తం ముక్కు మీద పల్టీ కొట్టాలని చూస్తుంది. ఇక్కడి గురుత్వంలో తట్టుకుంటుంది, మున్ (ఆ గేమ్‌లో చందమామ) మీద తట్టుకోదు. సెట్టింగ్స్‌లో చక్రాలకి వేరే కీలు పెట్టుకుంటే సగం ఏడుపు పోతుంది. బండి పొట్టిగా వెడల్పుగా కట్టు, బరువంతా కిందకి తే, ముందు చక్రాలకి బ్రేక్ తగ్గించు.

మిన్మస్ అనే ఇంకో చిన్న చందమామ అయితే ఇంకా సరదా. భూమిలో 20వ వంతు గురుత్వం. చక్రాలు గిర్రున తిరుగుతాయి బండి కదలదు, కదిలిందా ఇక ఆగదు. అక్కడ పూర్తి చదునుగా ఉండే మైదానాలున్నాయి, వాటి మీద స్పీడు ఎక్కించుకుంటూ పోయి చివర ఒడ్డు తగిలితే గాల్లోకి లేవడమే, దిగేటప్పటికి వేరే జిల్లా.

విజ్జి_పిక్సెల్
కాకా, అంత కష్టపడి అక్కడిదాకా తీసుకెళ్ళిన బండి మొదటి కొండ దగ్గరే బోర్లా పడితే మళ్ళీ భూమి నుంచి ఇంకోటి పంపాలా?

కెర్బల్_కాకా
ఎఫ్5 నొక్కు, ఎఫ్9 మొక్కు. మొదటిది సేవ్ చేస్తుంది, రెండోది అక్కడికే వెనక్కి తెస్తుంది. క్విక్‌సేవ్‌ని మించిన దేవుడు లేడమ్మా.

పాత_పెంటియం
ఇంతవరకు అందరివీ చదివాక నాకనిపిస్తున్నది, గొడవ బండితో కాదు, నేలతో. స్నోరన్నర్ అనే లారీల గేమ్ ఆడినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? సగం టైము గంటకి పది కిలోమీటర్లు కూడా దాటదు లారీ. బురదలో చక్రం దిగుతుంది, డిఫరెన్షియల్ లాక్ వెయ్యాలా, టైర్లు మార్చుకుని రావాలా, వించ్ తీసి చెట్టుకి కట్టి లాగాలా, ఈ వాగు దాటొచ్చా లేక చుట్టూ తిరగాలా అని అడుగడుక్కీ ఆలోచించాలి. గంటలు గడిచిపోతాయి తెలియకుండానే. అదే స్పేస్ గేముల్లో చూడండి, మంచు గ్రహం అంటే తెల్ల పెయింటు, ఎడారి గ్రహం అంటే పసుపు పెయింటు. బండి రెండిటి మీదా ఒకేలా పోతుంది. ఇసుకలో దిగబడదు, మంచు మీద జారదు, పెంకు మీద టైరు కోసుకోదు. కనిపించే కష్టం ఒక్కటే, నిట్టనిలువు కొండ, ఎందుకంటే కొండ పెట్టడం తేలిక. నేల పలకనప్పుడు ఇక నడపడానికి ఏముంది, కీ నొక్కి పట్టుకోవడమేగా.

వరంగల్_వార్ప్
పెంటియం అన్నా, ఆ వించ్ తాడు లెక్కలు నాతోని కావు. నాకు ఎదురుంగ ఆకాశంల ఇంకో గ్రహం ఇంత పెద్దగ కనవడాలె, కింద గడ్డి నీలం రంగుల ఉండాలె, నేను పోతుండాలె. టైరు దిగబడుడు, పంక్చర్ అయితే నేను గేమ్ బంద్ చేసి పంటా.

నైట్‌షిఫ్ట్_నాని
నేల పలకదు అన్నది ఎలీట్ విషయంలో సగమే కరెక్ట్. పెయింటు మాట నిజం, కానీ గురుత్వం మారితే బండి మొత్తం మారిపోతుంది. అచెనార్ 3 మీద భూమికి 6.7 రెట్లు, అక్కడ షిప్ దించడమే గండం, ఒక్క క్షణం ఏమరుపాటుగా కిందకి వదిలితే నేలకి కొట్టుకుని పోతుంది. అక్కడ బండి తీస్తే గంతులూ గాల్లో తేలడాలూ మర్చిపో, నేలకి అతుక్కుని పోతుంది. పొద్దున నడిపిన బండేనా ఇది అనిపిస్తుంది.

పాత_పెంటియం
గురుత్వం ఒప్పుకున్నా. నేల ఒప్పుకోను.

వెయ్యి_గ్రహాలు
స్టార్‌ఫీల్డ్ ఊసే ఎత్తరేంటి ఎవరూ. 2023 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు వెయ్యికి పైగా గ్రహాలు, ఒక్క బండి లేదు. దిగినచోటు నుంచి మ్యాప్‌లో గుర్తు చూపించిన చోటికి పరుగు, ఆక్సిజన్ అయిపోతే ఆగు, జెట్‌ప్యాక్ కొట్టు, మళ్ళీ పరుగు. దాదాపు ఏడాదికి, 2024 ఆగస్టులో, రెవ్-8 అని బండి ఫ్రీ అప్‌డేట్‌లో ఇచ్చారు. బండి నిజంగా బాగుంది, తుపాకీ ఉంది, బూస్ట్ ఉంది, ఎగురుతుంది, మాకో కష్టాలేం లేవు. కానీ నాకు ఏం జరిగిందంటే, అంతకుముందు కాళ్ళీడ్చుకుంటూ పోయి ఒక ల్యాబ్ కనపడితే హమ్మయ్య అనిపించేది, లోపల ఏముందో అని చూసేవాణ్ణి. ఇప్పుడు ఒక్క నిమిషంలో చేరిపోతున్నా, లోపలికెళ్తే పోయిన గ్రహంలో చూసిన ల్యాబే, అదే గది, అదే టేబులు, అదే మూల అదే శవం. మూడు గ్రహాలు వరసగా తిరిగేసరికి ఈ లోకం ఎంత ఖాళీయో అర్థమైపోయింది. నడిచినన్నాళ్ళూ ఆ సంగతి దాగి ఉంది. ఇంకా ముందుకి పోతే ఇక్కడితో హద్దు అని మెసేజ్ ఒకటి.

చంద్రిక_వి
అది బండి తప్పెలా అవుతుంది? ఇంట్లో లైటు వేస్తే దుమ్ము కనపడిందని లైటుని తిడతామా.

వెయ్యి_గ్రహాలు
తిట్టను గానీ ఆర్పేసుకుంటా. నేను మళ్ళీ నడకే మొదలుపెట్టా, నిజంగా.

స్టీరింగ్_సుబ్బు
ఏడాది బండి కోసం ఏడ్చి, వచ్చాక దిగి నడుస్తున్నాడు. గేమర్లతో కంపెనీలు ఎలా వేగుతున్నాయో.

విజ్జి_పిక్సెల్
నా సమస్య వేరే. మజా తర్వాత, కాక్‌పిట్ లోపలి నుంచి నడిపితే పావుగంటకే నాకు కడుపులో తిప్పుతుంది. నేను ఎలీట్ వీఆర్‌లో (కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుని) ఆడతా, షిప్‌లో గంటలు ఉన్నా ఏం కాదు, స్కారబ్ ఎక్కితే చాలు. కార్ల గేముల్లోనూ రాదు.

నైట్‌షిఫ్ట్_నాని
కార్ల గేముల్లో రోడ్డు చదును, హొరైజన్ (నేలా ఆకాశం కలిసే గీత) పెద్దగా ఊగదు. ఇక్కడ ప్రతి గడ్డకీ లోకం మొత్తం ఊగుతుంది, నీ చెవి మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చున్నానని చెప్తుంది, ఆ రెండూ పడవు. ఆప్షన్స్‌లో వీఆర్ వాళ్ళ కోసమే హొరైజన్ కదలకుండా ఉంచే సెట్టింగ్ ఒకటుంది, అది ఆన్ చెయ్. బండి ఊగుతుంది గానీ నీ చూపు ఊగదు. ఇంకా చక్రాల ముందు నేల చూడకు, దూరంగా ఏదైనా కొండ కొస మీద కళ్ళు పెట్టుకో.

విజ్జి_పిక్సెల్
ట్రై చేసి చెప్తా. అల్లం మురబ్బా కూడా పక్కన పెట్టుకుంటా ఎందుకైనా మంచిది.

బుడ్డోడి_నాన్న
మా వాడికి తొమ్మిదేళ్ళు, వాడూ నేనూ ఆస్ట్రోనీర్ ఆడతాం. రోవర్ వెనక రోవర్ తగిలించుకుంటూ పోవచ్చు అందులో, వాడు ఒక రైలే కట్టాడు. ముందు రోవర్‌కి డ్రిల్, వాడు డ్రైవర్, నేను వెనక సామాను మధ్య కూర్చుంటా. కొండ వచ్చిందనుకోండి, ఎక్కడు, నేరుగా కొండలోకి దూరిపోతాడు. ఎక్కడికి పోతున్నాంరా అంటే చూద్దాం నాన్నా అంటాడు. ఒకసారి అలా తవ్వుకుంటూ పోయి కింద పెద్ద గుహలో పడ్డాం, బండ్లన్నీ తలకిందులు, ఆక్సిజన్ తీగ ఎక్కడో పైన ఉండిపోయింది, వాడు ఒకటే నవ్వు. పెంటియం గారు నేల పలకాలి అన్నారే, ఇక్కడ నేలని కోసుకుంటూ పోవచ్చు, అది కూడా పలకడమే అనుకుంటా.

మాకో_బాధితుడు
కొండకి సొరంగం!! మాకోకి ఎవరైనా డ్రిల్ పెట్టించండి, పుణ్యముంటుంది.

పాత_పెంటియం
బుడ్డోడి నాన్న గారి పాయింట్‌కి ఫుల్ మార్కులు. మీ వాణ్ణి గేమ్ డిజైన్‌లో చేర్పించండి.

డల్లాస్_బాబాయ్
మీరంతా చిన్నవాళ్ళు కాబట్టి ఈ తగువు ఇప్పటిదనుకుంటున్నారు. 1982లోనే మూన్ పెట్రోల్ అని ఇరెమ్ వాళ్ళు ఆర్కేడ్ మెషీన్ చేశారు. నేనిక్కడికొచ్చిన కొత్తలో ఒక పాత ఆర్కేడ్‌లో పట్టింది నాకది. చంద్రుడి మీద బగ్గీ, కుడివైపుకే పోతుంది, నీ చేతిలో ఉన్నవి స్పీడు, జంప్, తుపాకీ. గుంట వస్తే దూకాలి, రాయి వస్తే కాల్చాలి, దూకాక ఎక్కడ దిగుతావో ముందే చూసుకోవాలి ఎందుకంటే అవతల ఇంకో గుంట. ఓపెన్ వరల్డ్ లేదు, వెయ్యి గ్రహాలు లేవు, ఉన్నది ఒక గీత. పెంటియం అన్నట్టు అందులో నేల తప్ప ఇంకేం లేదు, అందుకే బోర్ కొట్టలేదు.

స్టీరింగ్_సుబ్బు
బాబాయ్, అందులో బండి కొండెక్కేదా?

డల్లాస్_బాబాయ్
గుంటలకే నా క్వార్టర్ నాణేలన్నీ అయిపోయేవిరా, కొండలదాకా ఎక్కడ.

రోవర్_లెక్కలు
పింగ్ (సిగ్నల్ వెళ్ళి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 90 దాటితే ఏడ్చే బ్యాచ్ కోసం ఒకటి. 1970లో సోవియట్ వాళ్ళు లూనోఖోద్ 1 అనే రోవర్‌ని చంద్రుడి మీద దింపి, భూమి మీద కూర్చుని నడిపారు. సిగ్నల్ వెళ్ళి రావడానికే రెండున్నర సెకన్లు, అంటే మీ భాషలో పింగ్ 2,500. అదీ వీడియో కాదు, కొన్ని సెకన్లకి ఒక్కో బొమ్మ వస్తే దాన్ని చూసి తిప్పడం. అలాగే పదిన్నర కిలోమీటర్లు తిప్పారు, 1973లో లూనోఖోద్ 2 అయితే 39.

మన ప్రజ్ఞాన్ చూడండి. 26 కిలోలు, సెకనుకి ఒక సెంటీమీటరు, తిరిగిందంతా కలిపితే వంద మీటర్ల చిల్లర. 2023 ఆగస్టు 27న మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గుంట కనపడింది, వెనక్కి తిప్పి వేరే దారి పట్టించారు. ఆ గుంట ఫొటో ఎంతమంది షేర్ చేశారో గుర్తుందా? సెంటీమీటరు స్పీడులో అంత ఉత్కంఠ ఎక్కడి నుంచి వచ్చింది? దిగబడితే లాగేవాడు లేడు కాబట్టి. గేముల్లో బోర్లా పడితే బటన్ నొక్కితే లేచి నిలబడుతుంది, లేదా షిప్ వచ్చి ఎత్తుకుపోతుంది. భయం తీసేశాక డ్రైవింగ్‌లో సగం పోయినట్టే నా ఉద్దేశం.

కెర్బల్_కాకా
ఇస్రో వాళ్ళకి ఎఫ్9 లేదు, అదే తేడా.

స్టీరింగ్_సుబ్బు
చంద్రుడి మీద ఒక్క గుంటని దేశం మొత్తం షేర్ చేసింది. మా వీధిలో అలాంటివి వరసగా ఉన్నాయి, కౌన్సిలర్ కూడా లైక్ కొట్టడు.

వేదిక_కాపలా
వీధి గుంటలకి వేరే విభాగం ఉంది. ఇక్కడ వేరే గ్రహాల గుంటలు మాత్రమే.

వరంగల్_వార్ప్
లెక్కల సారు, భయం ఉంటెనే మజా అన్నది నాకు పడలే. మస్తు మందికి ఇంటికొచ్చినంక మళ్ల టెన్షన్ వద్దు. నాని అన్న రాత్రి రాళ్లు కొట్టుకుంట తిరుగుతున్నడు, భయపడనీకె కాదు గద.

నైట్‌షిఫ్ట్_నాని
నిజం. బండి హల్ (పై కవచం) 20 శాతానికి పడినప్పుడు మాత్రం కాస్త వణుకుతా.

కీబోర్డ్_కిట్టు
ఇంతసేపు ఎవరూ అడగలేదు గానీ, బాధితుడు బ్రో, నువ్వు కీబోర్డా కంట్రోలరా?

మాకో_బాధితుడు
కీబోర్డ్. ఎందుకు?

కీబోర్డ్_కిట్టు
నా పేరు చూసి నవ్వకు గానీ, బండ్లకి మాత్రం కీబోర్డ్ వద్దు. కీకి రెండే సంగతులు తెలుసు, నొక్కారు, నొక్కలేదు. ఎడమ అంటే పూర్తి ఎడమ. కంట్రోలర్‌లో స్టిక్ కొంచెం వంచితే కొంచెం తిరుగుతుంది. చదును మీద పర్లేదు గానీ కొండ వాలు మీద పూర్తిగా తిప్పితే బండి అడ్డం తిరిగి పట్టు పోతుంది, నువ్వు చెప్పిన ఆ వెనక్కి జారడంలో సగం అదే. కొండకి ముక్కు నేరుగా పెట్టకు, ఏటవాలుగా అడ్డంగా ఎక్కుతూ పో, కొస దగ్గర బూస్ట్ కొట్టు.

మాకో_బాధితుడు
తమ్ముడి కంట్రోలర్ లాక్కుని చూశా. కొండలు ఎక్కుతోంది, పళ్ళు నూరడం తగ్గింది. చంద్రిక గారు చెప్పిన చందమామ మిషన్ కూడా చేశా, భూమి కనపడింది, బాగుంది, ఫొటో తీసుకున్నా. కానీ ఖనిజాల కోసం ఊడిగం చేసే గ్రహాలు మాత్రం ఇప్పటికీ దండగే అంటా, దాంట్లో నా మాట మారదు. పైన రాయి ఉందని తెలిసి కొండెక్కడం మజా ఎలా అవుతుంది, ఏముందో తెలియకపోతే కదా. మాస్ ఎఫెక్ట్ ఆండ్రోమెడాలో బండి బాగుంటుందని ఎక్కడో చూశా, నిజమేనా?

చంద్రిక_వి
2017 ఆండ్రోమెడాలో నోమాడ్. నడపడానికి మాకో, హామర్‌హెడ్, ఇది, మూడింటిలోకీ అదే బెస్ట్, నా ఓటు దానికే. స్పీడుగా పోవడానికి నాలుగు చక్రాల మోడ్, కొండెక్కడానికి ఆరు చక్రాల మోడ్, ఒక బటన్‌తో మారుతుంది. ఆరులో పెడితే నువ్వు ఏడ్చిన కొండలన్నీ మెల్లగా పాకుతూ ఎక్కేస్తుంది. గురుత్వం తక్కువున్న చోటు కూడా ఒకటుంది, అక్కడ గంతులు బాగుంటాయి. పక్కన కూర్చున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూ మాట్లాడుకుంటారు, నేను ఆ మాటల కోసం కావాలని చుట్టూ తిప్పి పోయేదాన్ని. ఒక్కటే లోటు, తుపాకీ లేదు. ఎవడైనా కాలిస్తే దిగి కొట్టాలి, లేదా తొక్కించెయ్యాలి.

పాత_పెంటియం
నోమాడ్ బాగుంటుంది, కథ సంగతి నన్నడక్కు.

మాకో_బాధితుడు
సరే, ముందు ఇది పూర్తి చేస్తా. ఇప్పుడే ఇంకో గ్రహం మీద దిగా, ఇక్కడ హాయిగా ఉంది, కొండల మధ్యలో పెద్ద మైదానం, చదునుగా, ఒక్క రాయి కూడా లేదు. నడిమధ్యలో ఏదో సిగ్నల్ చూపిస్తోంది, అటే పోతున్నా.

పాత_పెంటియం
మధ్యలో ఆగకు.

చంద్రిక_వి
అయ్యో, ఆగకు ఆగకు, గుండ్రంగా తిప్పుతూ ఉండు!

మాకో_బాధితుడు
ఎందుకు? ఆగి టైప్ చేస్తున్నా

మాకో_బాధితుడు
నేలలోంచి ఆ పురుగేంట్రా బాబూ!! బండి కిందనే లేచింది!! చచ్చా!!

వరంగల్_వార్ప్
పెంటియం అన్నా, నేల పలకాలె అన్నవ్ గద, పలికింది.

కెర్బల్_కాకా
చివరిసారి సేవ్ ఎప్పుడు చేశావు?

మాకో_బాధితుడు
చందమామ మీద.